టర్కీ తువ్వాలు – షోలాపూర్ సాంచాలు

స్నానానంతరం ఒళ్లు తుడుచుకునే దళసరి నూలుగుడ్డను తెలుగునాట 'టర్కీ తువ్వాలు' అని పిలవడం ఆనవాయితీ. ఈ రెండు మాటలలో ఏ ఒక్కటీ తెలుగు కాదు. 'తువ్వాలు' పోర్చుగీసు నావికుల వెంట వచ్చిన 'తొఆల్యా' అనే పదానికి రూపాంతరం. 'టర్కీ' ఆ నేత పుట్టిన దేశాన్ని సూచిస్తుంది. తెలుగు ఇళ్లకు చేరిన ఈ రకపు గుడ్డలో గణనీయమైన భాగం మాత్రం దశాబ్దాలపాటు మహారాష్ట్రలోని షోలాపూర్ నుండి వచ్చింది. అక్కడ దానిని నేసినవారిలో అధికసంఖ్యాకులు తెలంగాణ పల్లెల నుండి వలస వెళ్లిన పద్మశాలీలు. వాడుకలోని పేరు టర్కీని తలుస్తుంది, వస్త్రం మీది చీటీ షోలాపూర్‌ను తలుస్తుంది. నేసినవాడి ఊరు మాత్రం ఈ రెండింటిలోనూ కనిపించదు.

ఉస్మానీయ తురుష్కులు 1326లో జయించి రాజధానిగా చేసుకున్న బుర్సా నగరం పట్టునేతకు, ముఖమలుకు పేరుపొందినది. ముఖమలు నేతలో మామూలు పడుగుతోపాటు మరొక పడుగు ఉంటుంది. ఆ రెండవ పడుగును సన్నని కడ్డీల మీదుగా లేపి, తరువాత కోస్తే మెత్తని నూగు తేలుతుంది. అదనపు పడుగుతో గుడ్డకు మందం తెచ్చే ఈ ఆలోచననే బుర్సా నేతగాండ్రు నూలుకు, స్నానశాలల అవసరానికి అన్వయించారు. హమామ్ అనే ఆవిరి స్నానశాలలో నడుముకు చుట్టుకునే 'పెష్తెమాల్' బల్లపరుపు నేత. తుడుచుకునే గుడ్డకు ఉంగరాల్లాంటి నూలు చుట్లు ఏర్పరచగా అది 'హావ్లు' అయింది. తురుష్క భాషలో 'హావ్' అంటే వస్త్రం మీది నూగు. నూగు గలది గనుక హావ్లు.

ఈ గుడ్డ యంత్రం మీదికి ఎక్కిన వైనం ఒక సంచారి కుతూహలంతో ముడిపడి ఉంది. ఇంగ్లండుకు చెందిన హెన్రీ క్రిస్టీ (1810–1865) టోపీలు, నూలు వస్త్రాల వ్యాపారం చేసే క్వేకర్ కుటుంబంలో పుట్టినవాడు. వ్యాపారం కంటే మానవజాతుల చరిత్ర మీద మక్కువ ఎక్కువ. ఉస్మానీయ రాజ్యంలో సంచరించినప్పుడు సేకరించిన వస్తువులలో ఈ ఉంగరాల గుడ్డ కూడా ఒకటి. దానిని యంత్రంపై నేసే పద్ధతిని వారి సంస్థలోని శామ్యూల్ హోల్ట్ రూపొందించాడు. 1851లో లండన్ మహాప్రదర్శనలో ఆ తువ్వాళ్లు ప్రదర్శితమయ్యాయి, మాంచెస్టర్ సమీపంలోని డ్రాయిల్స్‌డెన్ మిల్లు నుండి విపణిలోకి వెళ్లాయి. క్రిస్టీ తన జీవితపు చివరి సంవత్సరాలను ఫ్రాన్సు గుహలలో పురామానవుని అవశేషాల అన్వేషణకు వినియోగించాడు. పురావస్తు శాస్త్రంలో ఆయన పేరు నిలిచింది. హోల్ట్ పేరు వస్త్రచరిత్ర గ్రంథాలలో ఒక వాక్యానికి పరిమితమైంది. బుర్సాలో ఆ నమూనా గుడ్డను నేసిన చేయి ఎవరిదో ఎవరూ నమోదు చేయలేదు.

'టెర్రీ' అనే మాట లాగడాన్ని సూచించే ఫ్రెంచి పదం నుండి వచ్చిందని కొందరి అభిప్రాయం. నేతలో నిజంగా జరిగేది లాగడం కాదు, వదలడం. మగ్గానికి రెండు దోనెలు ఉంటాయి. ఒకదాని నుండి వచ్చే పడుగు బిగువుగా ఉండి గుడ్డకు నేలవుతుంది. రెండవదాని నుండి వచ్చేది వదులు పడుగు. మామూలు నేతలో ప్రతి పేకనూ పన్నె నేత అంచుదాకా కొడుతుంది. టెర్రీలో మొదటి రెండు పేకలను అంచుకు కొంత దూరంలోనే ఆపుతారు. మూడవ పేకను పూర్తిగా కొట్టినప్పుడు మూడూ కలిసి బిగువు పడుగు మీదుగా జారి అంచును చేరుతాయి. వాటితో పాటు ముందుకు వచ్చిన వదులు పడుగు మధ్యలో నిలువలేక పైకీ కిందికీ ఉంగరాలుగా లేస్తుంది. కడ్డీ అవసరం లేదు. ఆపిన దూరం ఎంతో, ఉంగరం ఎత్తు దాదాపు దానిని బట్టి ఉంటుంది. ఒక మీటరు గుడ్డకు నాలుగైదు మీటర్ల వదులు పడుగు ఖర్చు కావడం సాధారణం. అందుచేత తువ్వాలు ధరలో నూలుధరకే పెద్దపీట. నూలు వెల పెరిగిన ప్రతిసారీ చిన్న నేతదారు ఉంగరాన్ని పొట్టి చేయడమా, తన లాభాన్ని పొట్టి చేసుకోవడమా అన్న సంకటంలో పడతాడు.

ఉంగరపు నూలుకు పురి తక్కువగా ఉండాలి. పురి తగ్గిన నూలు మెత్తగా ఉండి, పోగుల నడుమ సందులలోకి నీటిని లాగుకుంటుంది. పచ్చినూలు మీద సహజంగా ఉండే మైనం, నేతకు ముందు పట్టించిన గంజి నీటిని అడ్డుకుంటాయి గనుక నేసిన గుడ్డను క్షారంతో ఉడికించి, చలువ చేసిన తరువాతనే దానికి తుడిచే గుణం వస్తుంది. కొత్త తువ్వాలు మొదటి ఉతుకు తరువాత బాగా పనిచేస్తుందన్న గృహిణుల అనుభవానికి కారణం ఇదే. అంగడిలో చేతికి పట్టులా తగలడానికి పూసిన మెత్తదనపు రసాయనాలు నాలుగు ఉతుకులకు పోయి, నూలు తన స్వభావానికి వస్తుంది.

ఈ గుడ్డకే ఒకవైపు ఉంగరాల తలలను మరచుట్టు కత్తులున్న ఉరుళ్ల కింద కోసి, ముఖమలులా నిగనిగలాడించే పద్ధతి కూడా ఉంది. చూపుకు ఇంపు, అద్దకపు బొమ్మలకు అనువు. నీరు పీల్చేది మాత్రం కోయకుండా వదిలిన రెండవ వైపే మిన్నగా. జిగురు పూసిన గుడ్డ మీద నూలు పొడిని విద్యుదాకర్షణతో నిలబెట్టి నూగు తెప్పించే పద్ధతి వేరొకటి. ఈ రెండూ చూడటానికి పోలి ఉన్నా, మొదటిది నేతలో పుట్టిన నూగు, రెండవది అతికించిన నూగు. కొనుగోలుదారు భేదం తెలుసుకోవాలంటే గుడ్డను తిరగవేసి చూడటమే మార్గం.

నిజానికి ఉక్క ఎక్కువైన కోస్తా జిల్లాలకు ఈ దళసరి గుడ్డ అంత అనువైనది కాదు. పలుచని తుండుగుడ్డ త్వరగా ఆరుతుంది, తలపాగా అవుతుంది, మూటా అవుతుంది. టర్కీ తువ్వాలు ఇక్కడ మొదట అవసరంగా కాక హోదాగా ప్రవేశించింది. ప్రభుత్వ కార్యాలయాలలో అధికారి కుర్చీ వీపున తెల్లని తువ్వాలు పరిచే సంప్రదాయం అందుకు సాక్షి. ఏ నిబంధనావళిలోనూ కానరాని ఈ ఆచారం అనేక నిబంధనల కంటే శ్రద్ధగా పాటింపబడింది. ఆసుపత్రులలో, పసిపిల్లల వస్త్రాలలో, క్రీడాకారుల మణికట్టు పట్టీలలో ఆ గుడ్డ చేసే సేవ ఇంతకంటే సార్థకమైనది.

రెండు పడుగుల బిగువును సమన్వయించుకుంటూ నేయడానికి పడుగు స్వభావం ఎరిగిన చేతులు కావాలి. షోలాపూర్‌కు అటువంటి చేతులు తూర్పు నుండి వచ్చాయి. ఈ పట్టణం బొంబాయి రాజధానికి చెందినది. తూర్పున కొద్ది దూరంలోనే నిజాం రాజ్యపు సరిహద్దు. పీష్వాల కాలం నుండే అక్కడ తెలుగు సాలెవారు ఉన్నారని స్థానిక చరిత్ర చెబుతుంది. పెద్ద వలస పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో మొదలైంది. రైలుమార్గం 1860 ప్రాంతంలో షోలాపూర్‌ను చేరింది. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు ఏర్పడింది. తరువాత నరసింగ్ గిర్జీ, లక్ష్మీ, విష్ణు మిల్లులు వచ్చాయి. మిల్లు నూలు దగ్గరలోనే దొరకడం చేనేతకు కూడా కలిసివచ్చింది. ఇటు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో మిల్లుగుడ్డ రాకతో అమ్మకం పడిపోయింది. కరవులు, దొరల గడీలకు ఊరకే గుడ్డ సమర్పించుకోవలసిన వెట్టి ఉండనే ఉన్నాయి. మగ్గం మోసుకుపోనక్కరలేదు. నేర్చిన చేయి ఉంటే అక్కడ మగ్గం దొరికేది.

దొరికిన మగ్గం సొంతం కాదన్నది ఈ చరిత్రలో ముఖ్యమైన విషయం. ఊరిలో సాలెవాడు తన ఇంటి గుంట మగ్గానికి యజమాని. షోలాపూర్‌లో అతడు కార్ఖానా కూలీ. ఒకే కప్పు కింద పదుల మగ్గాలు, వాటి యజమాని తరచుగా అదే కులంవాడు, అదే భాషవాడు. చాలా కుటుంబాలు కార్ఖానాలోనే, మగ్గాల నడుమనే కాపురం ఉండేవి. భార్య కండెలు చుట్టేది, పిల్లలు అందించేవారు, కూలి మాత్రం నేసిన గుడ్డ లెక్కన భర్త పేర వచ్చేది. పూనాలోని గోఖలే సంస్థ 1947లో ప్రచురించిన ఆర్.జి. కాకడే అధ్యయనం షోలాపూర్ నేతవర్గాల సాంఘిక, ఆర్థిక స్థితిగతులనే విషయంగా తీసుకున్నది. స్వజన బంధుత్వం వలసవచ్చినవానికి ఆసరా అయింది, కూలి పెంచమని అడిగే నోటికి సంకెల కూడా అయింది. దీనిని కేవలం ఆత్మీయతగా వర్ణించే సంఘచరిత్రలు సగం చెప్పినట్లే.

స్వాతంత్ర్యానంతర దశాబ్దాలలో చేతిమగ్గాల స్థానాన్ని మరమగ్గాలు ఆక్రమించాయి. తెలంగాణ నేతగాండ్రు మరమగ్గాన్ని 'సాంచ' అంటారు. చీరల నేత క్రమంగా వెనుకబడి, జకార్డ్ దుప్పట్లు, టెర్రీ తువ్వాళ్లు షోలాపూర్‌కు గుర్తింపు తెచ్చాయి. పువ్వులు, నెమళ్లు, అక్షరాలు జకార్డ్ అట్టల సాయంతో నేతలోనే తేలే దుప్పటి తెలుగు జిల్లాల పెళ్లికానుకలలో చేరింది. దాని వెంటనే తువ్వాలూ ప్రయాణించింది. పెద్ద మిల్లులు ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధం నుండి ఒక్కొక్కటిగా మూతపడినా ఈ చిన్న కార్ఖానాలు నిలిచాయి. పురుషులు సాంచాల మీద, స్త్రీలు బీడీలు చుట్టడంలో. పట్టణపు తూర్పుభాగంలో తెలుగు కుటుంబాల బ్రతుకు చిరకాలం ఈ రెండు కూలీల మీదనే నడిచింది. అక్కడ ఇంటిలో తెలుగు, అంగడిలో మరాఠీ. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ స్వామి రథం వీధులలో తిరుగుతుంది.

షోలాపూర్ దుప్పటికీ టెర్రీ తువ్వాలుకూ 2005–06లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999 నాటి చట్టం 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన తరువాత నమోదైన తొలి కొద్ది వస్తువులలో ఇవి ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్ అంతకు ముందు సంవత్సరమే నమోదైంది. అయితే ఈ రెండు ఊళ్ల పరిస్థితి ఒకటి కాదు. చిటికి కట్టి రంగులద్దిన పోచంపల్లి చేనేతను అచ్చుగుడ్డ అనుకరించినా ఎరిగిన కన్ను పట్టగలదు. మరమగ్గపు తువ్వాలును ఇతర పట్టణాలలోని మరమగ్గపు తువ్వాలు నుండి వేరుచేసి చూపడం కష్టం. పేరు కాపాడబడినంత మాత్రాన విపణి కాపాడబడదు.

అంతకంటే పరిశీలించదగినది చట్టంలోని నిర్వచనం. హస్తకళా, పారిశ్రామిక వస్తువుల విషయంలో 'ఉత్పత్తిదారు' అంటే వస్తువును తయారుచేసేవాడు, దానితో వర్తకం చేసేవాడు కూడా. ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదై ఆ పేరును వాడుకోవచ్చు. వర్తకుని ఇలా స్పష్టంగా పేర్కొన్న చట్టం, పరుల సాంచ మీద కూలికి నేసేవాని వాటా గురించి మౌనం వహించింది. ఊరికి చెందిన నైపుణ్యమని పట్టాలో గుర్తించినది వాస్తవంలో ఊరు మారిన మనుషుల నైపుణ్యం. వారి కూలి రేటును నిర్ణయించే బేరంలో ఈ పట్టా ఒక వాదనగా కూడా పనికిరాదు. చట్టం ఉద్దేశం వేరని, కూలికి కార్మిక చట్టాలు ఉన్నాయని సమాధానం చెప్పవచ్చు. సమాధానం సాంకేతికంగా సరైనదే. కానీ ఆ నైపుణ్యాన్ని మరుతరం నేర్చుకోవడమా మానడమా అన్నది కూలి మీదనే ఆధారపడి ఉన్నప్పుడు, పేరు పరిరక్షణను కూలి నుండి విడదీసి చూడటం ఎంతకాలం సాగుతుందో చెప్పలేము.

ఈలోగా విపణి కూడా మారింది. అంతర్జాతీయ వస్త్ర వాణిజ్యంలో 1974 నుండి దేశాలవారీగా ఉన్న కోటాలు 2005 జనవరి 1న ముగిశాయి. నూలు వడకడం మొదలు తువ్వాలు కుట్టి పెట్టెలో పెట్టడం వరకు ఒకే ఆవరణలో జరిపే గుజరాత్, పంజాబుల భారీ మిల్లులు అమెరికా, ఐరోపా గిరాకీని అందుకున్నాయి. నాడె లేని వేగవంతమైన మగ్గాలతో పాత సాంచ పోటీపడలేదు. 2017 అక్టోబరులో వరంగల్ సమీపాన కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరత్, భీవండి, షోలాపూర్‌లకు వెళ్లిన నేతకార్మికులను తిరిగి రప్పించాలన్న ఆశయాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆశయం సముచితమే. కానీ వలస వెళ్లినవారి మనుమల చదువు మరాఠీలో సాగింది, రేషన్ కార్డు, ఓటు అక్కడివే. 2024 జనవరిలో షోలాపూర్ శివార్లలోని రాయ్‌నగర్‌లో ప్రధాని చేతుల మీదుగా 15,000 గృహాల పంపిణీ జరిగింది. లబ్ధిదారులలో చేనేత, మరమగ్గ కార్మికులు, బీడీలు చుట్టే స్త్రీలు ఉన్నారు. కార్ఖానాలో మగ్గాల నడుమ కాపురం చేసినవారి సంతతిలో కొందరికి సొంత తాళంచెవి అందింది. అది వరంగల్ ఇంటిది కాదు, షోలాపూర్ ఇంటిది.