రక్తం, చెమట, రేటింగు

పిల్లవాడు అడిగిన ఫైటింగ్ గేమ్ కొనివ్వవచ్చా లేదా అని తేల్చుకోవడానికి తల్లిదండ్రులు ముందుగా చూసేది అట్ట మీది వయసు రేటింగునే. అమెరికాలో ఆ రేటింగు ఏ గొడవలోంచి పుట్టిందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. 1992లో షికాగోకు చెందిన మిడ్‌వే సంస్థ ‘మోర్టల్ కాంబాట్’ను ఆర్కేడ్లలోకి తెచ్చింది. అంతకు ఏడాది ముందు జపాన్ నుంచి వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’లోనూ ఇద్దరు కొట్టుకోవడమే ఆట. కాకపోతే అందులోవి గీసిన బొమ్మలు. ‘మోర్టల్ కాంబాట్’లో మాత్రం నిజమైన నటులను చిత్రీకరించి తెర మీద నిలబెట్టారు. గెలిచినవాడు ఓడినవాడి గుండెను పెరికి పైకెత్తే ‘ఫెటాలిటీ’ దీని ప్రత్యేక ఆకర్షణ. 1993 సెప్టెంబరులో ఇళ్లలో ఆడుకునే యంత్రాలకు వచ్చేసరికి అదే ఆట రెండు రకాలైంది. నింటెండో తన యంత్రంలో రక్తం తీయించి, దాని స్థానంలో బూడిదరంగు చెమట పెట్టించింది. పోటీ సంస్థ సెగా యంత్రం జెనిసిస్‌లో ఒక రహస్య కోడ్ నొక్కితే రక్తం చిందేది. సెగా అప్పటికే సొంత రేటింగు పెట్టుకుని, 13 ఏళ్లు దాటినవారికని అట్ట మీద ముద్రించింది కూడా. అమ్మకాల్లో సెగాదే పైచేయి అయింది. ఒకే పేరున్న ఆట రెండు ఇళ్లలో రెండు రకాలుగా ఉన్నప్పుడు, పేరు చూసి తీర్పు చెప్పడం కుదరని పని.

ఈ గొడవ సెనేట్‌కు చేరింది. 1993 డిసెంబరు 9న అమెరికా సెనేటర్లు జోసెఫ్ లీబర్మన్, హెర్బ్ కోల్ ఆటల్లోని హింసపై జరిపిన విచారణలో నింటెండో, సెగా ప్రతినిధులు ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. మీరే ఒక పద్ధతి పెట్టుకోకపోతే ప్రభుత్వం పెడుతుందని సెనేటర్లు హెచ్చరించారు. అలా 1994లో పరిశ్రమే నడిపే రేటింగు సంస్థ ఈఎస్‌ఆర్‌బీ ఏర్పడింది. పరిశ్రమ తనకు తానే వేసుకునే మార్కులను ఎలా నమ్మాలన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే వయసు అంకె పక్కనే రక్తపాతం, తీవ్ర హింస, బూతుమాటలు అంటూ ఆటలో ఏముందో కూడా రాస్తారు. అంకె ఒకరి అభిప్రాయం, ఈ వివరాలు మాత్రం ఆట నడుస్తున్న వీడియో చూసి ఎవరైనా సరిపోల్చుకోగలిగినవి. నా లెక్కలో వాటిదే ఎక్కువ విలువ. 2018 నాటి ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్’కు 10 ఏళ్లు, 2023 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 6’కు 13, అదే ఏడాది వచ్చిన ‘మోర్టల్ కాంబాట్ 1’కు 17 అని ఈఎస్‌ఆర్‌బీ నిర్ణయించింది. మూడింటిలోనూ కొట్లాటే. తేడా అంతా దెబ్బ తిన్న శరీరాన్ని ఎలా చూపిస్తారన్న దానిలోనే ఉంది.

ఆటలు పిల్లలను హింసకు పురిగొల్పుతాయని రుజువు కాలేదు కదా అని కొందరు వాదిస్తారు. 2011లో అమెరికా సుప్రీంకోర్టు హింసాత్మక ఆటలను పిల్లలకు అమ్మకుండా నిషేధించిన కాలిఫోర్నియా చట్టాన్ని కొట్టేస్తూ ఆ మాటే చెప్పింది. కానీ కోర్టు తేల్చింది చట్టం చెల్లుతుందా లేదా అన్నది. ఎనిమిదేళ్ల పిల్ల పగిలే పుర్రెను చూసి రాత్రి భయపడుతుందా అన్నది ఆ పిల్లను ఎరిగిన తల్లిదండ్రులే చెప్పగలరు. పైగా ఆన్‌లైన్‌లో ఎదుటి ఆటగాడు హెడ్‌సెట్‌లో అనే మాటలకు ఈఎస్‌ఆర్‌బీ రేటింగు వర్తించదు. ఆ గొంతును ఆపాలంటే సెట్టింగుల్లోకి వెళ్లి వాయిస్ చాట్ కట్టేయాలి.