గోదావరి డెల్టాలో మొక్కజొన్న: బెట్ట, నీటి తడులు

ఉభయ గోదావరి ప్రాంతాల్లో మొక్కజొన్న ప్రధానంగా రబీ పంట. జంగారెడ్డిగూడెం, చింతలపూడి మెట్టల్లో బోర్ల కింద, డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో, కొంతమేరకు లంకల్లో పండిస్తారు.

1832-33 నాటి నందన కరువు మిగిల్చిన దుస్థితిలో డెల్టాకు నీరిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది. పూర్తయిన ఏడాదిని కొందరు 1850గా రాశారు. 1852 అన్నదే ఎక్కువ ఆమోదం పొందింది. ఆ ఆనకట్ట స్థానంలో వచ్చిన ఇప్పటి కాటన్ బ్యారేజీ ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. కాలువల కింద ప్రధాన పంట వరే. రబీలో నది సన్నబడితే సీలేరు జలాశయాల నుంచి వదిలే నీరే ప్రధాన ఆధారం. అదీ చాలని ఏడు వంతులవారీ విధానం అమలవుతుంది. అప్పుడు శివారు చేలు కాలువ పక్కనే ఉన్నా బెట్టకొస్తాయి.

మొక్కజొన్నకు 500 నుంచి 800 మిల్లీమీటర్ల నీరు కావాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా. అయితే ఎంత నీరన్నదానికంటే ఏ దశలో అందిందన్నదే దిగుబడిని నిర్ణయిస్తుంది. మోకాలెత్తు వరకు పైరు బెట్టను కొంత ఓర్చుకుంటుంది, నీరు నిలిస్తే మాత్రం పసుపుబారి గిడసబారుతుంది. పూత దశలో బెట్టను ఓర్చుకోలేదు. జల్లు (మగపూత) ఇంచుమించు వేళకే వచ్చి పుప్పొడి రాలుస్తుంది, పీచు ఆలస్యమవుతుంది. కండె మొదట్లోని పీచు ముందు, కొనది చివర బయటికొస్తుంది. అందుకే బెట్ట తగిలిన పొత్తును ఒలిచి చూస్తే చాలాసార్లు కింది వరుసలు నిండి, కొన బోడిగా కనిపిస్తుంది. ఆపైన ఎన్ని తడులిచ్చినా కట్టని గింజ కట్టదు. పూత తర్వాత బెట్టకు ఎండ తోడైతే మసికుళ్ళు తెగులు సోకవచ్చు. కాండం చీలిస్తే లోపల నల్లని నలుసులుంటాయి.

దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతి కృష్ణా, గుంటూరు మాగాణుల్లో బలపడి ఇటు వచ్చిందంటారు. వరి తర్వాత వేసే మినుముకు పల్లాకు తెగులు రావడమే ఈ మార్పుకు కారణమని ఒక వాదన, రెండో పంట వరికి నీరు చాలకపోవడమని మరొకటి. గోదావరి శివారు భూములకు రెండోదే ఎక్కువ వర్తించేలా ఉంది. వరి కోయగానే, పదును ఆరకముందే కర్రతో గుంత చేసి గింజ వేస్తారు. నల్లరేగడి నెర్రెలిస్తే ఇచ్చిన నీరు పగుళ్లలోకి దిగిపోతుంది గనుక తొలి తడి ఆలస్యం కాకూడదు. డిసెంబరు దాటి వేస్తే గింజ నిండే వేళకు ఎండలు ముదురుతాయి. మరీ ఆలస్యమైన పైరుకు, మరమ్మతుల కోసం వేసవిలో కాలువలు కట్టేస్తే ఆఖరి తడి అందడం కష్టమే.