పిప్పి కంటే ముందు ఒక బాబు

1941 చలికాలంలో స్టాక్‌హోమ్‌లో కారిన్ అనే ఏడేళ్ల పాప న్యుమోనియాతో మంచం పట్టింది. పడుకుని పడుకుని విసుగొచ్చి అమ్మని కథ చెప్పమంది. ఏం కథ చెప్పాలే అని అమ్మ అడిగితే, అప్పటికప్పుడు నోటికొచ్చిన పేరొకటి అనేసింది: పిప్పి లాంగ్‌స్ట్రుంప్. అంటే పొడుగు మేజోళ్ల పిప్పి. (మనకి చెరుకు పిప్పి, పిప్పిపన్ను గుర్తొస్తాయి. ఏం చేస్తాం, వాళ్ల భాషలో ముద్దుపేరు మరి!) పిప్పి ఎవరు అని ఆ తల్లి ఎదురు ప్రశ్న వెయ్యలేదు. పేరే ఇంత వింతగా ఉంటే పిల్ల ఇంకెంత వింతగా ఉండాలో అనుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఎర్రటి జడలు, ఒక గుర్రం, ఒక కోతి, గుర్రాన్ని ఎత్తి పట్టుకునేంత బలం. అమ్మా నాన్నా దగ్గర లేకుండా ఒక్కతే ఒక ఇంట్లో ఉండే తొమ్మిదేళ్ల పిల్ల.

ఆ తల్లే ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్. వందకు పైగా భాషల్లోకి వెళ్లిన రచయిత్రి. ఆవిడ గురించి రాసేవాళ్లు మామూలుగా ఈ జ్వరం కథతోనే మొదలుపెడతారు. నాకు మాత్రం దానికి పదిహేనేళ్ల ముందు జరిగింది తెలిశాకే ఆవిడ పుస్తకాలు వేరేగా కనిపించాయి.

ఆస్ట్రిడ్ 1907లో దక్షిణ స్వీడన్‌లోని విమ్మెర్బీ అనే చిన్న ఊరి పక్కన, నేస్ అనే కమతంలో పుట్టింది. చర్చి భూమిని కౌలుకు చేసుకునే రైతు కుటుంబం. నలుగురు పిల్లలు. చిన్నప్పటి నుంచే చేలో పనులు చెయ్యాలి, పని అయ్యాక చీకటి పడేదాకా ఆడుకోవచ్చు. బట్టలు మాసిపోయాయని, చెట్లెక్కారని తిట్టేవాళ్లు లేరు. ఇంటి దగ్గర లోపలంతా బోలుగా ఉన్న ముసలి చెట్టొకటి ఉండేది. అదే తర్వాత పిప్పి కథలో సోడా కాసే చెట్టయింది. మొదటిసారి కథ విన్నది కూడా బళ్లో కాదు, వాళ్ల పశువుల కాపరి ఇంట్లో. ఆ ఇల్లాలు క్రిస్టీన్ వంటగదిలో కూర్చుంటే, వాళ్ల అమ్మాయి ఒక రాక్షసుడి కథ చదివి వినిపించిందట. ఎన్ని బహుమతులొచ్చినా ఆవిడ ఆ వంటగదిని తలుచుకుంటూనే ఉంది. మనలో ఎంతమందికి మొదటి కథ పొయ్యి దగ్గరే దొరికిందో కదా!

బడి అయ్యాక ఊళ్లోని పత్రికలో పనికి చేరింది. పద్దెనిమిదేళ్లకి గర్భవతి అయింది. తండ్రి ఆ పత్రిక సంపాదకుడే. ఆవిడకన్నా దాదాపు ముప్ఫై ఏళ్లు పెద్ద, పిల్లలున్నవాడు. పెళ్లి చేసుకుంటానన్నాడు, ఆవిడే వద్దంది. 1926 నాటి చిన్న ఊరు. ఎంత గుసగుసలాడి ఉంటారో నేను చెప్పక్కర్లేదు, అలాంటి ఊళ్లు మనకీ తెలుసు. ఊరు వదిలి స్టాక్‌హోమ్ వెళ్లి టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకుంది. కాన్పుకి పక్క దేశమైన డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ వెళ్లింది, ఎందుకంటే అక్కడి పెద్దాసుపత్రిలో బిడ్డ తండ్రి పేరు చెప్పకపోయినా ఒప్పుకునేవాళ్లు. అలాంటి ఆడపిల్లల తరఫున నిలబడే ఎవా అండెన్ అనే మహిళా న్యాయవాది దారి చూపించింది. డిసెంబరులో బాబు పుట్టాడు. పేరు లార్స్, ముద్దుగా లాస్సె.

చంటివాణ్ణి అక్కడే మేరీ స్టీవెన్స్ అనే పెంపుడు తల్లికి అప్పగించి, తను ఉద్యోగం వెతుక్కోవడానికి స్టాక్‌హోమ్ తిరిగొచ్చింది. గుమాస్తా జీతం. నాలుగు డబ్బులు కూడినప్పుడల్లా రైలెక్కి వెళ్లి, బాబుని చూసుకుని, మళ్లీ పనివేళకి వెనక్కి. ఇలా మూడేళ్లు. పిల్లాడు ‘అమ్మా’ అని పిలిచేది మేరీ స్టీవెన్స్‌ని. ఆవిడ చెడ్డది కాదు, ఎంతో ప్రేమగా పెంచింది. అందుకే 1930లో ఆవిడ జబ్బు పడి లాస్సెని స్టాక్‌హోమ్ తీసుకొచ్చినప్పుడు వాడికి రెండోసారి తల్లి దూరమైనట్టయింది. కోరింత దగ్గుతో రాత్రంతా దగ్గుతుంటే ఆస్ట్రిడ్ పక్కన మేలుకుని కూర్చునేది. ఒంటరిగా పెంచే దారి లేక నేస్‌కి, తల్లిదండ్రుల దగ్గరికి పంపింది. ఊరు ఏమన్నా వాళ్లు మనవణ్ణి దగ్గరికి తీసుకున్నారు. మరుసటేడు స్తూరె లిండ్‌గ్రెన్‌ని పెళ్లి చేసుకున్నాకే తల్లీకొడుకులు ఒకే ఇంట్లో ఉండగలిగారు. 1934లో కారిన్ పుట్టింది.

ఇది తెలిశాక పిప్పి నాకు వట్టి అల్లరిపిల్లగా కనబడలేదు. ఆ పిల్లకి తల్లి లేదు, నాన్న సముద్రంలో కొట్టుకుపోయాడు. అయినా ఎవరి జాలీ అక్కర్లేకుండా తన గంజి తనే కాచుకుంటుంది, తనని తనే నిద్రపొమ్మని గదమాయించుకుంటుంది. ఒంటరి పిల్లాడి గురించి రాత్రుళ్లు దిగులుపడిన తల్లి తప్ప, ఒంటరితనానికి ఇంత బలం ఇచ్చి ఎవరు రాస్తారు? ఇది నా ఊహే, కానీ గట్టి ఊహ.

మూడేళ్ల పాటు ఆ కథ ఇంట్లోనే తిరిగింది. 1944లో ఆవిడ మంచు మీద జారి కాలు బెణికించుకుని మంచమెక్కింది. ఊరికే పడుకోలేక, పిప్పి కథలన్నీ షార్ట్‌హ్యాండ్‌లో రాసిపెట్టి, తర్వాత టైపు చేసి కారిన్ పదో పుట్టినరోజుకి ఇచ్చింది. చూడండి, పరువు కోసం ఊరు వదిలి, బిడ్డని కడుపులో మోస్తూ నేర్చుకున్న షార్ట్‌హ్యాండ్ అది. ఆ తర్వాత పుస్తకాలన్నీ కూడా పొద్దున్నే మంచం మీదే, ఆ గీతల్లోనే రాసింది. మధ్యాహ్నం ప్రచురణ సంస్థలో ఉద్యోగం.

బోన్నియర్స్ అనే పెద్ద సంస్థ రాతప్రతిని తిప్పి పంపింది. 1945లో రాబేన్ అండ్ షోగ్రెన్ పోటీలో మొదటి బహుమతి వచ్చి అచ్చయింది. మరుసటేడు ఒక ప్రొఫెసరు ఈ పుస్తకం పిల్లల్ని పాడుచేస్తుందని పేపర్లో దుమ్మెత్తిపోశాడు. పిల్లలు ఆయన మాట వినలేదు.

తర్వాత చాలా రాసింది. మూడిళ్ల పల్లెలో పిల్లల ఆటలూ పండగలూ చెప్పే ‘బుల్లెర్బీ’ వాళ్ల నాన్న పెరిగిన ఊరి నుంచి వచ్చింది. ‘రోన్యా’లో అడవి కూడా ఒక మనిషిలాగే ఉంటుంది. ‘మియో’ (1954) మాత్రం వేరు. పార్కు బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న పిల్లాణ్ణి ఒకరోజు చూసి రాసిన కథ. అందులో పెంపుడింట్లో ఎవరికీ అక్కర్లేని బాబు, తన కోసమే ఎదురుచూస్తున్న తండ్రిని దూరదేశంలో వెతుక్కుంటాడు.

1978లో జర్మనీలో శాంతి బహుమతి తీసుకున్నప్పుడు పిల్లల్ని కొట్టకండని మాట్లాడింది. ఆ ప్రసంగం చదవద్దని నిర్వాహకులు అడిగితే, అయితే నేను రానని చెప్పి చదివే వచ్చింది. అందులో ఒక తల్లి కథ ఉంది. కొట్టడానికి బెత్తం తెచ్చుకోమని కొడుకుని బయటికి పంపితే, వాడు ఏడుస్తూ ఒక రాయి తెచ్చి, బెత్తం దొరకలేదమ్మా, దీంతో కొట్టు అన్నాడట. అమ్మకి నన్ను బాధపెట్టాలని ఉంది కాబట్టి రాయయినా ఒకటే అనుకున్నాడు. ఆ తల్లి వాణ్ణి కావలించుకుని ఏడ్చి, ఆ రాయిని వంటింటి అరలో పెట్టుకుంది, గుర్తుగా. మరుసటేడే స్వీడన్ పిల్లల్ని కొట్టడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది, ప్రపంచంలో అదే మొదటిది. మనమింకా ‘దండం దశగుణం’ అనుకుంటూనే ఉన్నాం.

మీ పిల్లలకి చదివి వినిపించాలనుకుంటే ‘బుల్లెర్బీ’తో మొదలుపెట్టండి, రోజుకో అధ్యాయం చాలు. పిప్పి మొదలైతే కొన్నాళ్లు ఇంట్లో మంచాలు దూకుతారు, ముందే చెబుతున్నా. ‘మియో’ మాత్రం పిల్లలు పడుకున్నాక ముందు మీరొక్కరే చదువుకోండి.