లాప్‌టాప్ ఆన్ చేయగానే కనిపించే బొమ్మ వెనక కథ

అల్ ఐన్ సనయ్యలో పాత లాప్‌టాప్ కొని, విండోస్ బరువైందని ఉబుంటో, మింటో వేయించుకున్న తమ్ముళ్లు ఒక మాట అడుగుతున్నారు. "అన్నా, ఆన్ చేయగానే వచ్చే ఆ గుర్తు తీసేసి మా పాప ఫోటో పెట్టుకోవచ్చా?" పెట్టుకోవచ్చు. కానీ ఆ బొమ్మ అక్కడికి ఎలా వచ్చిందో ముందు తెలుసుకోండి. లాప్‌టాప్ మొరాయించిన రోజు పనికొస్తుంది.

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టినప్పుడు బొమ్మా లేదు, గిమ్మా లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. డిస్క్ దొరికింది, మెమరీ ఇంత ఉంది, ఫలానాది పనిచేయలేదు అని వరసగా చెప్పుకుంటూ పోయేది. 1996లో లారీ ఎవింగ్ గింప్‌లో టక్స్ అనే పెంగ్విన్‌ని గీశాడు. తర్వాత దాన్ని కెర్నల్ లోపలికే ఎక్కించారు. 80 చుక్కల వెడల్పు, 80 ఎత్తు, 224 రంగులు, అంతే. తమాషా ఏంటంటే, ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని పెంగ్విన్లు వరసగా నిలబడేవి. దాన్ని మార్చాలంటే మాత్రం కెర్నల్ మొత్తం మళ్లీ కంపైల్ చేయాల్సిందే. 2009లో 2.6.29 కెర్నల్‌కి పెంగ్విన్‌ని పక్కనపెట్టి టాస్మేనియన్ డెవిల్ బొమ్మ పెట్టారు. ముఖానికి సోకే కాన్సర్‌తో ఆ జంతువు అంతరించిపోతోందని జనానికి గుర్తుచేయడానికి. తర్వాతి కెర్నల్‌లో పెంగ్విన్ మళ్లీ వచ్చేసింది.

మామూలు జనం ఆ నల్ల తెర చూసి బెదిరిపోతున్నారని, దాన్ని కప్పే పని మొదలైంది. 2003లో ఫెడోరా మొదటి విడుదలలోనే బొమ్మతో బూట్ వచ్చింది. 2005లో ఉబుంటు యూస్ప్లాష్ తెచ్చింది. 2008లో ఫెడోరా 10తో ప్లిమత్ వచ్చింది. తెర సైజు కుదిర్చే పనిని కెర్నలే మొదట్లోనే చూసుకోవడంతో మధ్యమధ్య తెర మిణుకుమనడం తగ్గింది. 2010లో ఉబుంటు 10.04 కూడా ప్లిమత్‌కే మారింది. మనం ఈనాటికీ మార్చుకునేది దీని థీమ్‌నే.

మరి తెలుగు సంగతి? చెన్నై సీడాక్ వాళ్లు చేసిన బాస్ లినక్స్, హైదరాబాద్ స్వేచ్ఛ వాళ్ల తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ మెనూల దాకా మన భాషను తెచ్చాయి. కానీ ఆ మొదటి నల్ల తెర మాత్రం తెలుగుకి లొంగలేదు. అందులో పట్టేది మహా అయితే 512 అక్షర రూపాలు. పైగా ఒత్తులు, గుణింతాలు కలపడం దానికి రాదు. "స్త్రీ" అని మనం ఒక్క అక్షరంగా చూసేది యూనికోడ్‌లో ఆరు ముక్కలు. ఇక్కడ బోర్డుల మీద రోజూ చూసే అరబిక్‌దీ అదే గతి, అక్షరాలు కలిపి కుడి నుంచి రాయడం ఆ తెరకు తెలియదు. కాబట్టి అక్కడ తెలుగు కనపడాలంటే సులువైన దారి ఒక్కటే. గింప్‌లో ముందే తెలుగులో రాసి, పీఎన్‌జీ బొమ్మగా దాచి, ప్లిమత్ థీమ్‌లో పెట్టాలి. తర్వాత ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్‌ని తప్పకుండా మళ్లీ తయారుచేయించాలి. ఎందుకంటే ఆ బొమ్మ పడేటప్పటికి మీ హార్డ్‌డిస్క్ ఇంకా తెరుచుకోదు. ఆ చిన్న మూటలో ఉన్నదే తెరమీదికొస్తుంది. చాలామంది థీమ్ మార్చినా పాత గుర్తే కనిపించేది ఇది చేయకపోవడం వల్లే.

ఇక అసలు విషయం. బొమ్మ కింద ఆ పాత నల్ల తెర ఇంకా ఉంది. బొమ్మ దగ్గరే లాప్‌టాప్ ఆగిపోతే దుకాణానికి పరిగెత్తకండి. ఎస్కేప్ కీ నొక్కండి. కప్పు తొలిగి వరసలు కనిపిస్తాయి, ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి తెలిసినవాళ్లకి పంపండి. మా క్యాంపులో ఒకతను అలా చూసుకోకుండా ఇస్తే దుకాణం వాళ్లు ఫార్మాట్ కొట్టేశారు. నాలుగేళ్ల ఇంటి ఫోటోలు, పాస్‌పోర్టు స్కాన్, సర్టిఫికెట్లు అన్నీ పోయాయి. ఆగింది ఎక్కడో ముందే చూసుంటే, డిస్క్ ముట్టుకోకముందు ఫైళ్లు బయటికి తీసుకోమని అడిగే వీలుండేది.

పాప బొమ్మ పెట్టుకోండి, ఊరి పేరు తెలుగులో రాసుకోండి, బాగుంటుంది. ఆ ఎస్కేప్ కీ సంగతి మాత్రం రూమ్‌లో అందరికీ చెప్పండి.