కేళిక నుండి సభాసంఘం వరకు: నిఘా వ్యవస్థపై చట్టసభ అదుపు

కూచిపూడి భాగవతుల ప్రాచీనతకు ఆధారంగా పరిశోధకులు తరచు మాచుపల్లె కైఫీయతును ఉదాహరిస్తారు. సిద్ధవటం సీమను ఏలిన సంబెట గురవరాజు ధనం కోసం స్త్రీలను హింసించే తీరును భాగవతులు విజయనగర ప్రభువు వీరనరసింహరాయల ఎదుట కేళికగా ప్రదర్శించారనీ, రాయలు సేనను పంపి అతనిని దండించాడనీ ఆ కథనం. పదహారో శతాబ్ది తొలినాళ్లకు చెందిన ఈ వృత్తాంతం చాలా కాలం తరువాత కూర్చిన మెకంజీ సేకరణ ద్వారా మనకు అందింది. కనుక దీనిని యథాతథంగా చరిత్రగా స్వీకరించలేం. అయినా ఇందులోని రాజ్యభావన గమనింపదగినది. సీమలోని అకృత్యం ఆటగాళ్ల నోట బయటపడింది. దానిని విచారించే అధికారం మాత్రం రాజొక్కడిదే. ఆయన చూడకపోతే న్యాయం లేదు.

ప్రజాస్వామ్యంలో ఆ స్థానం చట్టసభది. కాని మన నిఘా సంస్థలు దాని ఎదుటికి రావు. 1887 నాటి ఇంటెలిజెన్స్ బ్యూరో గాని, 1968లో ఏర్పడిన రా గాని పార్లమెంటు చట్టం ద్వారా పుట్టినవి కావు. అమెరికా సెనేట్ 1976లో నిఘా వ్యవహారాలకు శాశ్వత సంఘాన్ని నియమించుకుంది. బ్రిటన్ 1994లో పార్లమెంటు సభ్యుల సంఘానికి చట్టబద్ధత కల్పించింది. ఇక్కడ మనీశ్ తివారీ 2011లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుని బిల్లు చట్టం కాలేదు. టెలిఫోను సంభాషణలను రహస్యంగా వినడంపై సుప్రీంకోర్టు 1996లో పి.యు.సి.ఎల్. కేసులో సమీక్షా సంఘాలను నిర్దేశించింది. అయితే వాటిలో ఉండేది ప్రభుత్వ కార్యదర్శులే. అనుమతించేదీ సమీక్షించేదీ కార్యనిర్వాహక వర్గమే అయింది.

ఈ నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చర్య ఒక అరుదైన ఘట్టం. పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ ఆరోపణలపై సభ 2022 మార్చిలో భూమన కరుణాకరరెడ్డి అధ్యక్షతన సభాసంఘాన్ని నియమించింది. అదే ఏడాది సెప్టెంబరులో మధ్యంతర నివేదిక సభ ముందుకు వచ్చింది. ఆరోపణలను తెలుగుదేశం పార్టీ ఖండించింది. వాటి సత్యాసత్యాలు ఈ వ్యాస పరిధిలోనివి కావు. సంఘం స్వభావమే ఇక్కడ ప్రధానం. నిఘా విషయంలో శాసనసభకు ప్రశ్నించే హక్కు ఉందని ఆ చర్య నిరూపించింది. కాని విచారణకు గురైనది గత ప్రభుత్వ కాలం. విచారించినది నాటి అధికారపక్షపు ఆధిక్యం గల సభ.

కైఫీయతులో న్యాయం రాయల ఇష్టంపై ఆధారపడింది. 2022లో విచారణ సభలోని సంఖ్యాబలంపై ఆధారపడింది. రెండింటిలోనూ లోపించినది నిలకడ గల వ్యవస్థ. ప్రతిపక్షానికి చోటిచ్చి, గోప్యతకు లోబడి, అధికారంలో ఉన్న ప్రభుత్వపు నిఘానే పరిశీలించే శాశ్వత సంఘం చట్టం ద్వారా ఏర్పడనంతకాలం, మన చట్టసభలు అధికారం చేతులు మారిన తరువాతనే ఈ ప్రశ్న అడుగుతుంటాయి.