గూడుబండి నుంచి కుట్టియాన దాకా

ఇది కొంచెం పెద్ద పోస్టు. భోజనం అయినాక తీరుబడిగా చదవండి. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు రాయడం రిటైరయినాక నేర్చుకున్నదే. తప్పులుంటే దిద్దండి, కోపం చేసుకోకండి.

పోయిన ఆదివారం మీటింగు అయినాక మన పిలకాయలు నలుగురు నన్ను పట్టుకున్నారు. సెకండ్ హ్యాండులో ఒక కుట్టియాన తీసుకున్నారంట. వెనక తొట్టికి కప్పు వేసి, లోపల మంచాలు, ఫ్యాను, లైటు, గ్యాసు పొయ్యి పెట్టుకొని సంక్రాంతి అయినాక కాశీకి పోవాలని వాళ్ల ప్లాను. "మామా, అక్కడ చలి ఎక్కువంట. బండి లోపల వెచ్చగా ఉండాలంటే ఏం పెట్టాల? మీరు రైల్వేలో ఉన్నారు కదా, చెప్పండి" అన్నారు. నేను గుమాస్తాను, మెకానిక్కును కాను. అయినా ఆ నలుగురిలో మా అక్క మనవడు ఉన్నాడు. అందుకే నిలబడి నోటికొచ్చింది చెప్పకుండా, ఇంటికి వచ్చి ఆలోచించి రాస్తున్నాను.

బండిలో కాపురం కొత్త సంగతి కాదు. మన గుడియాత్తంలో అది మన తాతల కాలం నుంచీ ఉంది. గంగమ్మ సిరసు పండగ వస్తే చుట్టుపక్కల పల్లెల నుంచి, పలమనేరు దిక్కు నుంచి జనం గూడుబండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు. మా తాత కూడా బండి తోలినవాడే. నూలు మూటలు, లుంగీ మూటలు వేసుకొని పలమనేరు ఘాటు ఎక్కేవాడు. మార్గశిర మాసంలో ఆ ఘాటు మీద చలి ఎట్లుంటుందో పోయినవాళ్లకు తెలుసు.

ఆయన బండి అమరిక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. తొట్టిలో అడుగున వరిగడ్డి పరుపు. అది పడుకోవడానికీ పనికొస్తుంది, ఎద్దులకు మేతకూ పనికొస్తుంది. బండి కింద గోనెపట్టతో ఊయల లాగా కట్టిన సంచి. బరువు సామానంతా అందులోనే, నేలకు దగ్గరగా. ఇరుసు కింద కిరసనాయిలు లాంతరు. చెంబు, దుత్త, ఇరుసుకు పూసే కందెన డబ్బా, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కొక్కెం. చీకట్లో చెయ్యి పెట్టినా వస్తువు దొరకాల.

పొయ్యి మాత్రం బండిలో ఉండదు. బండి ఆపి, ఎద్దులు విప్పి, గాలివాటం చూసుకొని, పది అడుగులు దూరంగా మూడు రాళ్లు పెట్టి సంగటి కెలికేవాళ్లు. ఎంత చలి ఉన్నా అగ్గిని గూటి లోపలికి తెచ్చేవాళ్లు కారు. కింద గడ్డి, పైన చాప, చుట్టూ వెదురు. ఒక్క నిప్పురవ్వ చాలు. చలికి రెండు కంబళ్లు, అంతే.

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. 1866లో టెక్సాస్‌లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి పాత సైన్యపు బండి ఒకటి తీసుకొని, వెనక పక్క అరలున్న చెక్క పెట్టె బిగించాడు. పిండి, కాఫీ, మందులు, గిన్నెలు అన్నిటికీ వేరువేరు అరలు. పెట్టె తలుపు కిందికి దించితే అదే వంట బల్ల. పక్కన నీళ్ల పీపా. నెలల తరబడి పశువుల మంద వెంట పోయే మనుషులకు దాన్నుంచే తిండి. దాన్ని చక్ వాగన్ అంటారు. ఇప్పుడు యూట్యూబులో మన పిలకాయలు చూసే పికప్పు బండ్ల వెనక అరలన్నీ దాని మనవళ్లే. ఆ బండిలో కూడా వంట బల్ల ఉంది కానీ పొయ్యి లేదు. మంట నేల మీదే.

మోటారు బండి కథ మన వేలూరు, గుడియాత్తం రోడ్డు మీదే ఉంది. మన సంఘంలో చాలామందికి ఇది తెలీదు. డాక్టర్ ఐడా స్కడర్ 1902లో వేలూరులో నలభై పడకల షెల్ ఆసుపత్రి పెట్టింది. సి.ఎం.సి. పెరిగింది దాన్నుంచే. ఆమె వేలూరులోనే కూర్చోలేదు. వారం వారం గుడియాత్తానికి వచ్చేది. మొదట ఎద్దుల బండిలో, 1909 ప్రాంతం నుంచి ఫ్రాన్సు దేశపు ప్యూజో కారులో. ఆ శబ్దానికి మొదట జనం భయపడి పరిగెత్తారంట. తరవాత అదే జనం రోడ్డు పక్కన చెట్ల కింద ఆమె కోసం కాచుకొని కూర్చున్నారు. కారు ఆగేది, మందుల పెట్టెలు దిగేవి, కట్లు కట్టేవాళ్లు, పెట్టెలు మళ్లీ ఎక్కేవి, ఇంకో చెట్టు. బండిని ఆసుపత్రిగా వాడిన తీరు అది. సామాను బండిలో ఉండేది, పని చెట్టు కింద జరిగేది.

ఇంక నా రైల్వే సంగతి. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా మన దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. కొన్నేండ్లలోనే ఆ లైను కాట్పాడి, గుడియాత్తం దాటి పడమటి దిక్కుకు పోయింది. అప్పటి నుంచి చక్రాల మీద బతికే మనుషులు పుట్టారు. అందరికంటే ముందు చెప్పాల్సింది గూడ్సు గార్డు. 2022 నుంచి ఆయన్ను ట్రైన్ మేనేజరు అంటున్నారు. బండి చివరన బ్రేకు వ్యాను, అందులో ఆయన ఒక్కడు. చేతి బ్రేకు చక్రం, వెనక ఎర్ర దీపం, జెండాలు, చేతి లాంతరు, డిటోనేటర్లు. ఆయన ఇనప పెట్టెను లైన్ బాక్సు అంటాం. దానిలో ఏ వస్తువు ఎక్కడ ఉండాలో రూలు ఉంటుంది. అర్ధరాత్రి బండి ఆగిపోతే వెతుక్కునే టైము ఉండదు కదా.

ఇక్కడ నేను చూసిన ఒక సంగతి చెప్తాను. పేరు, ఊరు వద్దు. చలికాలం, తెల్లవారుజాము. ఒక గార్డు చలి తట్టుకోలేక బొగ్గుల కుంపటి వ్యానులో పెట్టుకొని తలుపులు, కిటికీలు బిగించుకున్నాడు. బండి మా స్టేషనులో ఆగింది, పచ్చ దీపం కనపడలేదు. పోర్టరు పోయి తలుపు తీస్తే మనిషి పెట్టె మీద వాలిపోయి ఉన్నాడు. మంట లేదు, పొగ లేదు, కాలిన గుర్తు లేదు. బయటికి తెచ్చి గాలి తగిలిస్తే గంటకు కళ్లు తెరిచాడు. నిద్ర వచ్చిందనుకున్నానే కానీ ప్రాణం పోతా ఉందని తెలీలేదు అన్నాడు. ఆ గాలి పేరు కార్బన్ మోనాక్సైడు. దానికి వాసన లేదు, రంగు లేదు. మూసిన చోట బొగ్గు గానీ, గ్యాసు గానీ, డీజిల్ గానీ సరిగా కాలకపోతే పుడుతుంది.

రైళ్ల చరిత్ర కూడా ఇదే పాఠం కష్టపడి నేర్చుకుంది. అమెరికాలో ఒకప్పుడు చలికి పెట్టెల లోపలే బొగ్గు పొయ్యిలు పెట్టేవాళ్లు. 1876 డిసెంబరు 29 రాత్రి మంచులో, ఒహాయో రాష్ట్రం యాష్టబ్యులా ఊరి దగ్గర వంతెన కూలి రైలు కింద పడింది. పడినందుకు కొందరు పోయారు, పొయ్యిల్లో నిప్పు చెక్క పెట్టెలకు అంటుకొని ఇంకెంతోమంది పోయారు. మొత్తం తొంభై మందికి పైనే. ఇట్లాంటివి ఇంకా జరిగినాక పొయ్యిలు తీసేసి, ఇంజను నుంచి ఆవిరి గొట్టాలతో వేడి ఇవ్వడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో ఇంకో ఉపాయం చేశారు. రేకు డబ్బాల్లో వేడినీళ్లు పోసి, కాళ్ల కింద పెట్టుకోమని ప్రయాణికులకు ఇచ్చేవాళ్లు. అంటే నిప్పు బయటే ఉంటుంది, వేడి మాత్రం లోపలికి వస్తుంది. చలి దేశాల్లో ఇప్పుడు బండ్లకు పెట్టే డీజిల్ హీటరు కూడా అంతే. మండేది మూసిన గదిలో, పొగ గొట్టం బయటికి, వెచ్చని గాలి ఒక్కటే లోపలికి.

ఇవి పాత కథలు అనుకోకండి. 2023 ఆగస్టు 26న మదురై యార్డులో నిలబెట్టిన యాత్రికుల పెట్టె ఒకటి కాలిపోయింది. వాళ్లు లక్నో నుంచి తీర్థయాత్రకు వచ్చినవాళ్లు. తెల్లవారుజామున టీ పెట్టుకుందామని, తేకూడని గ్యాసు సిలిండరు లోపల వెలిగించారు. తొమ్మిది మంది పోయారు. 2024 డిసెంబరులో కేరళలో వడకర దగ్గర రోడ్డు పక్కన నిలిపిన కారవానులో ఇద్దరు నిద్రలోనే పోయారు. జనరేటరు పొగ లోపలికి చేరింది. యాష్టబ్యులాకూ మదురైకీ నడుమ దగ్గర దగ్గర 150 ఏండ్లు. తప్పు మాత్రం అదే తప్పు.

ఇంక కరెంటు. పాత రైలు పెట్టెలో మొదట నూనె దీపాలు, తరవాత గ్యాసు దీపాలు, ఆ తరవాత కరెంటు వచ్చింది. పెట్టె కింద డైనమో, ఇరుసు నుంచి దానికి బెల్టు. రైలు పరిగెత్తితే డైనమో తిరిగి బ్యాటరీ నిండుతుంది. రైలు నిలబడితే బ్యాటరీ కరుగుతుంది. జోలార్‌పేటలో సిగ్నలు కోసం చాలాసేపు నిలబడిన బండ్లలో లైట్లు మెల్లగా ఎర్రబడి, ఫ్యాన్లు నీరసంగా తిరగడం నా వయసు వాళ్లందరికీ జ్ఞాపకమే. మీ కుట్టియానకూ ఇదే సూత్రం. పరుగుకు ఎంత కరెంటు పుడుతుందని కాదు, నిలబడిన రాత్రికి ఎంత కావాలని లెక్క వేయాల.

గుమాస్తా లెక్క ఇది. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 1200 వాట్ అవర్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగమే వాడాల, లేకపోతే తొందరగా చెడిపోతుంది. మిగిలింది 600. చిన్న ఫ్యాను 30 వాట్లు, 8 గంటలకు 240. లైట్లు 10 వాట్లు, 5 గంటలకు 50. ఫోన్లు నాలుగు, మొత్తం 60. అన్నీ కలిపితే 350. హాయిగా సరిపోతుంది. అదే 500 వాట్ల కరెంటు హీటరు పెడితే గంటా పది నిమిషాల్లో మొత్తం ఖాళీ. కాబట్టి బ్యాటరీతో చలి కాచుకోవడం మరిచిపోండి. కప్పు మీద సోలార్ పలక పెట్టినా, జనవరిలో కాశీ దిక్కు మంచు పొగ ఎక్కువ, ఇక్కడి ఎండ అక్కడ రాదు. ఇంకో మాట. ఇంజను బ్యాటరీని ముట్టకండి. రెండో బ్యాటరీ వేరుగా పెట్టి, నడుమ ఐసొలేటరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. లేకపోతే తెల్లారి బండి స్టార్టు కాదు.

తరవాత బరువు. టాటా ఏస్ 2005లో వచ్చింది. రెండు సిలిండర్ల 702 సి.సి. ఇంజను, మోసేది 750 కిలోలు. మన తమిళనాడు జనం దానికి కుట్టియాన అని పేరు పెట్టినారు కానీ నిజంగా ఏనుగు కాదు నాయనా. ఇనప కప్పు, ప్లైవుడ్ మంచాలు, బ్యాటరీ, నీళ్ల క్యాన్లు అన్నీ తూకం వేసి రాయండి. ఒక్క 20 లీటర్ల క్యాను 20 కిలోలు. మా తాత గోనెపట్ట సంచిని తలుచుకోండి. బరువు కింద, వెనక ఇరుసుకు ముందు. పైన దుప్పట్లు, బట్టలు మాత్రమే. లేకపోతే ఘాటు మలుపులో బండి ఒరుగుతుంది.

చివరికి చట్టం. ఇది మీకు నచ్చదు, అయినా చెప్పాల. అది సరుకు బండి. తొట్టిలో మనుషులను ఎక్కించుకొని పోకూడదు. అట్లా ఎక్కినవాళ్లకు ఏమన్నా అయితే ఇన్సూరెన్సు కంపెనీకి బాధ్యత లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019లో కోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది కూడా. ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగకుండా వెల్డింగు పని మొదలుపెట్టకండి.

మరి యాత్ర మానుకోవాలా అంటే, వద్దు. నా ఆలోచన ఇది. కుట్టియాన సామాను మోయనీ, మనుషులు వ్యానులో రండి. కుట్టియాన వెనక తలుపుకు దించే బల్ల బిగించండి, అరలు చేయించండి. పొయ్యి, సిలిండరు కిందికి దించి, నేల మీద పెట్టి వండండి. రాత్రికి సత్రాల్లో పడుకోండి. కాశీలో మన తెలుగువాళ్ల ఆశ్రమాలు, సత్రాలు ఉన్నాయి. దోవలో ఒకటి రెండు రాత్రులు నిలబెట్టిన బండిలోనే పడుకోవాల్సి వస్తే, రెండు పక్కలా గాలి సందు తెరిచి పెట్టండి. ఇంజను ఆపేయండి. కంబళ్లు, వేడినీళ్ల సంచులు చాలు. మా తాతకు సరిపోయింది, మీకూ సరిపోతుంది.

వచ్చే ఆదివారం మీటింగుకు ఆ బండిని తీసుకురండి పిలకాయలూ. తూకం వేద్దాం, లెక్క నేను రాస్తాను. మీలో ఎవరి ఇంట్లోనన్నా పాత గూడుబండి కొక్కేలు, లాంతరు మిగిలి ఉంటే ఫోటో తీసి కింద పెట్టండి. మా తాత లాంతరు ఒక్కటే నా దగ్గర ఉంది. దాన్ని కుట్టియాన వెనక తగిలించడానికి ఇస్తాను. వెలిగించకండి, ఊరికే తగిలించుకోండి.