టీవీలో తొలి రోబోలు: 35 నిమిషాలు, నో బ్యాకప్

రోబో అనగానే మనలో చాలామందికి రజినీకాంత్ చిట్టియే గుర్తొస్తాడు. అది 2010 సినిమా. దానికి 72 ఏళ్ల ముందే రోబోలు టీవీలో కనిపించాయి, లండన్‌లో. 1938 ఫిబ్రవరి 11, మధ్యాహ్నం. బీబీసీ వాళ్లు 'ఆర్.యు.ఆర్.' అనే నాటకాన్ని 35 నిమిషాలకు కుదించి ప్రసారం చేశారు. టీవీలో వచ్చిన మొదటి సైన్స్ ఫిక్షన్ ఇదేనంటారు.

ముందు నాటకం సంగతి చూద్దాం. రాసింది చెక్ రచయిత కారెల్ చాపెక్, 1920లో. కథ ఒక దీవిలో జరుగుతుంది. అక్కడి ఫ్యాక్టరీలో పనివాళ్లని తయారుచేసి ప్రపంచమంతా అమ్ముతుంటారు. ఇనుప బొమ్మలు కాదండోయ్, చూడ్డానికి అచ్చం మనుషులే. వాళ్లకి ఏం పేరు పెట్టాలో చాపెక్‌కి తోచలేదు. వెళ్లి అన్నని అడిగాడు. అన్న జోసెఫ్ పెయింటర్. నోట్లో బ్రష్ పెట్టుకుని బొమ్మ వేస్తూనే, రోబోట్ అని పెట్టెయ్ అని గొణిగాడట. చెక్ భాషలో 'రోబోటా' అంటే దొర పొలంలో కూలి లేకుండా చెయ్యాల్సిన పని. మనకి దీనికి సరిపోయే మాట ఉంది: వెట్టి. తెలంగాణ రైతాంగ పోరాటంలో మన పల్లెలు తిరగబడింది ఇలాంటి వెట్టి మీదే.

నాటకంలోనూ అదే జరుగుతుంది. వెట్టి చేసేవాళ్లు తిరగబడి మనుషుల్ని చంపేస్తారు. ఒక్క ఆల్క్విస్ట్‌ని మాత్రం వదిలేస్తారు. ఎందుకంటే అతను ఇంకా తన చేతుల్తో పని చేస్తాడు! కానీ అప్పటికే రోబోల తయారీ ఫార్ములాని హెలెనా అనే ఆమె కాల్చేసింది. రెండో కాపీ లేదు. గెలిచినా, కొత్త రోబోని ఎలా చెయ్యాలో వాళ్లకి తెలీదు.

ఇప్పుడు లండన్‌కి వద్దాం. బీబీసీ టీవీ 1936 నవంబర్‌లో మొదలైంది. అలెగ్జాండ్రా ప్యాలెస్ అనే భవనంలో స్టూడియో. సిగ్నల్ లండన్ చుట్టుపక్కలకే అందేది. టీవీ ఉన్న ఇళ్లూ తక్కువే. ఈ నాటకాన్ని ప్రొడ్యూస్ చేసిన జాన్ బస్సెల్, భార్యతో కలిసి బొమ్మలాటలు ఆడించేవాడు. రోబోల కథ బొమ్మలాట మనిషి చేతిలో పడిందన్నమాట. అంతా లైవ్. డైలాగ్ మర్చిపోతే రీటేక్ లేదు. టీవీ ప్రసారాన్ని రికార్డ్ చేసే ఏర్పాటు బీబీసీ దగ్గర అప్పటికి లేదు. 35 నిమిషాలయ్యాక మిగిలింది చూసినవాళ్ల జ్ఞాపకమే. ఫార్ములాకి బ్యాకప్ లేని కథ, ప్రసారానికీ బ్యాకప్ లేదు.

ఆ ఏడాది డిసెంబర్ 25న చాపెక్ చనిపోయాడు. మూడు నెలలకే నాజీలు ప్రాగ్‌లోకి వచ్చారు. అరెస్ట్ చెయ్యాల్సినవాళ్ల లిస్టులో చాపెక్ పేరుంది, కానీ మనిషి అప్పటికే లేడు. రోబోట్ అనే మాట ఇచ్చిన జోసెఫ్‌ని పట్టుకెళ్లారు. 1945లో నాజీ క్యాంపులో ఆయన ప్రాణం పోయింది. బస్సెల్ మాత్రం 1948లో ఇదే నాటకాన్ని మళ్లీ టీవీలో వేశాడు.

ఇది నాకెందుకు పట్టిందో చెప్తాను. నేను జాబ్‌లో ఉన్నప్పుడు టెస్టింగ్ రిపోర్టులకి ఒక స్క్రిప్ట్ రాశాను. మేనేజర్ మెచ్చుకున్నాడు, టీమంతా చప్పట్లు. నెల తిరక్కుండా, అదే పని చేతుల్తో చేసే ఇద్దరు కాంట్రాక్ట్ అన్నల్ని పంపించేశారు. నాకు ఆ స్క్రిప్ట్ ఫోల్డర్ పేరు గుర్తుంది. వాళ్లలో ఒకాయన ఇంటిపేరు గుర్తురావట్లేదు.

వెట్టి పోవాల్సిందే, డౌట్ లేదు. మిషన్ చేస్తే మంచిదే. కానీ మిగిలిన టైమూ డబ్బూ ఎవరికి వెళ్లాయి? నాటకంలో ఫ్యాక్టరీ వాళ్లు ఈ ప్రశ్నని చివరిదాకా సీరియస్‌గా తీసుకోలేదు. మీ ఆఫీసులో ఎవరైనా అడిగారా? కామెంట్స్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.